ఫ్రీజర్లో పెట్టింది ఎవరు

మంగళవారం

ఫ్రిజ్ నిండా పక్షి. పాలగిన్నె పెట్టుకోవడానికి చోటు లేదు.

మామయ్య ఎవరినీ అడక్కుండా ఆదివారం భోజనానికి మనుషుల్ని పిలిచేశారు. ఫైర్ స్టేషన్లో ఆయన కింద పనిచేసిన ఇంజన్ డ్రైవరు ఈ నెలతో రిటైరయ్యాడట. ఆ స్టేషన్లో ఎవరు రిటైరైనా వెనక పెరట్లో టర్కీ కోడిని ముక్కలు కొట్టకుండా, ఉన్నదున్నట్టు మరిగే నూనెలోకి దించి వేయించడం వాళ్ళకి అలవాటు. ఇప్పుడు కొత్త ఆఫీసరు వచ్చి అలాంటివి కుదరవన్నాడట. "అయితే మా ఇంట్లో చేస్తాను రండి" అని మామయ్య ఫోన్లో మాటిచ్చేశారు. మాటిచ్చాక మాకు చెప్పారు.

మా ఆయన గంగిరెద్దులా తలూపాడు. వాళ్ళక్క, అంటే మా వదిన, ఫోన్లో "నాన్న సరదా పడుతున్నారు, ఎవరూ అడ్డం చెప్పకండి" అంది. ఎవరూ అంటే నేనే. ఫోన్లో సరదాలు పడటం వదినకి సుఖంగానే ఉంటుంది. నూనె మరకలు తుడవాల్సింది ఇక్కడ ఉన్నవాళ్ళు.

పోనీ సామానైనా ఉందా అంటే అదీ లేదు. స్టేషన్లో వాళ్ళకి పెద్ద పాత్ర, ఇనప చట్రం అన్నీ ఉండేవట. ఇక్కడ ఉన్నది నీళ్ళు కాచుకునే అల్యూమినియం గుండిగ, ఫ్యాన్లు తుడవడానికి వాడే మడత నిచ్చెన, అటకమీద ఒక కప్పీ. "చాలు" అన్నారు మామయ్య. చాలట.

పక్షిని తెచ్చింది మా ఆయనే. రాయిలా గడ్డకట్టి ఉంది. బయట పెడితే పాడవుతుంది కాబట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టి, ఆదివారం దాకా మెల్లగా కరగనివ్వాలని మామయ్యే చెప్పారు. నేనే కింది అర ఖాళీ చేసి పెట్టాను. కూరగాయలన్నీ వంటింటి గట్టుమీద వడలిపోతున్నాయి.

బుధవారం

పొద్దున పాలకోసం ఫ్రిజ్ తీస్తే కింది అర ఖాళీ. పక్షి పైన ఫ్రీజర్లో ఉంది.

అత్తయ్యని అడిగాను. "నేనే పెట్టానమ్మా, వాసనొస్తుందేమోనని" అంది. వాసన రావడానికి అది ఇంకా రాయిలాగే ఉంది. కిందికి దించాను, చేతులు తిమ్మిరెక్కాయి. ఆవిడ అలా చూస్తూ నిలబడింది.

ఈ మధ్య ఆవిడకి ప్రతిదాంట్లో వేలు పెట్టడం ఎక్కువైంది. మామయ్య స్నానానికి వెళ్తే ముందే వెళ్ళి గీజరు చూస్తుంది. ఆయన తలుపు వేస్తే మళ్ళీ వెళ్ళి గడియ చూస్తుంది. ఇంటికి ఎవరైనా వస్తే వాకిట్లోంచే "ఏమండీ, పక్క వీధి టైలరుగారొచ్చారు" అని చాటింపు వేస్తుంది. ఆయనకి కళ్ళు లేవా? ఆ మనిషిని నీడలా వెంటాడి చంపుతోంది. నన్ను ఎవరైనా అలా వెంటాడితే నేను ఏనాడో ఇల్లొదిలి పోయేదాన్ని.

గురువారం

ఈ రోజు నిజంగా బాగుంది. అది కూడా రాసుకోవాలి, లేకపోతే ఈ పుస్తకంలో తిట్లు తప్ప ఏమీ మిగలవు.

సాయంత్రం పెరట్లో మామయ్య నీళ్ళతో రిహార్సల్ చేశారు. గుండిగలో పక్షిని కవరుతోసహా పెట్టి, అది మునిగేదాకా నీళ్ళు పోయించారు. తర్వాత పక్షిని బయటికి తీయించి, నీళ్ళు ఎంతవరకు దిగాయో అక్కడ మేకుతో లోపల గీత గీశారు. నూనె ఆ గీత దాటకూడదు. దాటితే పక్షిని దించగానే పొంగి పొయ్యిమీద పడుతుంది, అంతే, ఇల్లు అంటుకుంటుంది. ఎంతమంది ఇళ్ళు ఈ ఒక్క గీత లేక తగలబడ్డాయో చెప్పారు.

నిచ్చెనని గుండిగ మీదుగా నిలబెట్టి, పైన కప్పీ కట్టి, తాడుని దూరంగా కిటికీ ఊచల దాకా లాగారు. పక్షిని దించేవాడు నూనెకి దగ్గర్లో ఉండకూడదట. తాడు కింది కొస మంటకి కాలుతుందని అక్కడ ఒక గొలుసు కలిపారు. ఎదురింటి కుక్కది, అడిగి తెచ్చారు. దించేటప్పుడు పొయ్యి ఆపాలి, దిగాక మళ్ళీ వెలిగించాలి. నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, మూత పెట్టాలి. మూత పట్టుకోవడానికి ఒక మనిషి, పక్కన ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండరు. పక్షి పైనా లోపలా పొడిగా ఉండాలి. పొట్టలో ఐసు ముక్క ఉన్నా నూనె బాంబులా లేస్తుందన్నారు.

నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాను. రోజంతా ఎవరో ఒకరు స్టీరింగు పట్టుకుంటే పక్క సీట్లో కూర్చుని, నా కాలికింది రెండో బ్రేకుని నమ్ముకుని బతుకుతాను. అందుకే ఆయన మాటలు నాకు బాగా ఎక్కాయి. ఈ ఇంట్లో నాకు అర్థమయ్యే భాష మాట్లాడేది ఆయనొక్కరే.

శుక్రవారం

మళ్ళీ ఫ్రీజర్లో ఉంది.

ఈసారి అరిచాను. మీరు చదువుకోలేదా అత్తయ్యా, గడ్డగా ఉన్నదాన్ని నూనెలో వేస్తే ఏమవుతుందో నిన్న మామయ్య చెప్తుంటే మీరు పక్కనే ఉన్నారు కదా, అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ "పొరపాటైందమ్మా" అంది. ఆ నిదానం చూసి ఇంకా చిర్రెత్తుకొచ్చింది.

ఫ్రీజరు తలుపుమీద "పక్షిని ఇందులో పెట్టకూడదు" అని కాగితం అంటించాను. మామయ్య అది చదివి, ఎవరికోసం అని అడిగారు. అత్తయ్యకోసమన్నాను. మంచి పని చేశావన్నారు.

అంతటితో అయిపోలేదు. సాయంత్రం నేనింటికొచ్చేసరికి పెరట్లో గుండిగలో నీళ్ళు. మామయ్య మళ్ళీ పక్షిని ముంచి గీత గీస్తున్నారు. నిన్నటి గీత దానికి కొద్దిగా పైన మెరుస్తూ కనిపిస్తోంది. ఇదేంటని అడిగేలోపే అత్తయ్య అందుకుంది. తనే మళ్ళీ చూడమందట, నిన్నటి గీత సరిగ్గా పడలేదేమోనని. మంటలార్పే మనిషికి ఈవిడ గీతలు నేర్పుతోంది.

మా ఆయనకి చెప్పాను. పేపరు చూస్తూ "అమ్మ సంగతి తెలిసిందేగా" అన్నాడు. ఆ పేపరు పొద్దున్నే చివరిదాకా చదివేశాడు, నేను చూశాను.

శనివారం

రెండు కాగితాలు చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఏడుపువల్ల కాదు.

మధ్యాహ్నం క్లాసుకి రావాల్సిన అమ్మాయి రాలేదు. ఇంటికొచ్చేశాను. చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి మామయ్య గొంతు వినిపించింది. "మాంసం కింది అరలో పడేసి పోయారు, బుద్ధిలేని వాళ్ళు." ఆయన ఫ్రిజ్ ముందు వంగి, కింది అరలోంచి పక్షిని రెండు చేతులా ఎత్తి, నేనంటించిన కాగితం ఉన్న తలుపే తెరిచి, ఫ్రీజర్లో పెట్టారు. జాగ్రత్తగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. పెట్టి, తలుపు మూసి, చేతులు దులుపుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. నన్ను చూసి "వచ్చావా" అన్నారు.

అత్తయ్య ఆయన వెనకే గోడకానుకుని నిలబడి ఉంది. ఆయన వెళ్ళాక తలుపు తీసి, పక్షిని కిందికి దించింది. నాకు వేలితో ఊరుకోమని సైగ చేసింది.

అంటే ఇన్నాళ్ళూ ఆవిడ చేస్తున్నది దించడం. పెట్టడం కాదు.

పెరట్లోకి తీసుకెళ్ళి అడిగాను. ఎప్పటినుంచి అంటే, చాన్నాళ్ళుగా అంది. నిన్న చేసింది ఇవాళ గుర్తుండదట. పేర్లు గుర్తుండవు, అందుకే వాకిట్లోంచే ఎవరొచ్చారో చెప్తుందట. స్టేషన్లో నేర్చుకున్నవి మాత్రం ఒక్క మాట పొల్లు పోకుండా చెప్తాడు, అది చూసే అందరూ బాగున్నాడనుకుంటారంది. డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళలేదంటే, "ఆయన ఒప్పుకోడమ్మా. ఎలా చెప్పను? ఎంతమందిని బయటికి లాక్కొచ్చిన మనిషి. నీకు బుర్ర పోతోందని నేను చెప్పనా?" అంది.

సరే, ఆవిడ చెప్పలేదు. మా ఆయనకి తెలుసు! వదినకి తెలుసు! సాయంత్రం నిలదీస్తే మా ఆయన నేలచూపులు చూస్తూ, నీకు కోపమెక్కువ, నువ్వు ఊరుకోవు, అందుకే చెప్పలేదన్నాడు. రేపటి వంట ఆపేద్దామన్నాను. నాన్నకి చివరి సరదా అన్నాడు. చివరిది ఎందుకవుతుంది, ఆయన బతికే ఉన్నారు కదా అన్నాను. అందరం పక్కనే ఉంటాం కదా, ఏమీ కాదన్నాడు. నూనె పొంగితే పక్కనున్నవాళ్ళకే ముందు తగులుతుందని బళ్ళో లెక్కలు చెప్పే ఈ మాస్టారికి నేను చెప్పాలి.

నాకు తెలియదు. ఇదే ఇంట్లో ఉంటూ నాకు తెలియదు. మొన్న నన్ను వదిన పేరుతో పిలిచినప్పుడు నవ్వేశాను. అది లెక్కలోకి రాదు. అందరూ పేర్లు మార్చి పిలుస్తారు.

మధ్యాహ్నం నుంచీ పక్షిని చన్నీళ్ళ బకెట్లో పెట్టి, నీళ్ళు మారుస్తూ కూర్చున్నాను. చీకటిపడేసరికి పొట్ట లోపల కూడా మెత్తబడింది. కింది అరలో పెట్టి, రేపు పొద్దున నాకు క్లాసులున్నాయి, దీన్ని కనిపెట్టుకుని ఉండమని అత్తయ్య చేత మాట తీసుకున్నాను.

ఆదివారం

ఇల్లు ఉంది. అందరం ఉన్నాం. అదొక్కటి ముందు రాస్తున్నాను.

క్లాసులు ముగించుకుని వచ్చేసరికి పెరట్లో నూనె కాగుతోంది. డ్రైవరుగారు, స్టేషన్లో నీళ్ళ హోస్ పట్టుకునే పొట్టాయన వచ్చారు. ఇద్దరూ మామయ్యని చీఫ్ అనే పిలుస్తున్నారు. డ్రైవరుగారు మూత పట్టుకుని గుండిగ పక్కనే నిలబడ్డాడు, ఆయన రిటైర్మెంటుకి ఆయనే డ్యూటీ. పొట్టాయన ఇసుక బకెట్లకి అవతల కుర్చీలో. మా ఆయన తాడు పట్టుకుని కిటికీ దగ్గర. అన్నీ మామయ్య చెప్పినట్టే, చెప్పిన చోటే ఉన్నాయి. నూనె కింది గీతకి సరిగ్గా ఆగింది. మిఠాయి కొట్టునుంచి అడిగి తెచ్చిన థర్మామీటరు గుండిగ అంచుకి వేలాడుతోంది.

మామయ్య పక్షిని ఇనప కొక్కేనికి తగిలిస్తూ, పాతరోజుల్లోలాగే గట్టిగా చెప్తున్నారు. "పైన పొడిగా ఉండాలి. లోపల పొడిగా ఉండాలి. పొట్టలో ఐసు ముక్క కూడా మిగలకూడదు, చెయ్యి పెట్టి చూసుకోవాలి." డ్రైవరుగారు తలూపుతున్నాడు. చెయ్యి పెట్టి చూసుకోవాలన్నారు, పెట్టలేదు. మాట వచ్చింది, చెయ్యి కదల్లేదు.

అత్తయ్య ముఖం చూశాను. ఆవిడ నన్ను చూడటంలేదు.

దగ్గరికెళ్ళి పక్షి పొట్టలో చెయ్యి పెట్టాను. లోపల వేళ్ళకి గట్టిగా, చల్లగా, పలకలాగా తగిలింది. తర్వాత తెలిసింది, రాత్రి ఎప్పుడో మళ్ళీ ఫ్రీజర్లోకి వెళ్ళిందట. పొద్దున అత్తయ్య చూసి, ఎవరికీ చెప్పకుండా పంపు కింద పెట్టి పైపైన మెత్తబడేలా చేసి, తుడిచి ఇచ్చిందట. మొగుడి పరువు కాపాడటానికి మొగుడి చేతికే బాంబు ఇచ్చింది.

వంగి గ్యాసు ఆపేశాను. మామయ్య, ఎవరు ఆపమన్నారు అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. డ్రైవరుగారు అలవాటుగా నిటారుగా నిలబడ్డాడు.

అప్పుడు నోట్లోంచి ఏం వచ్చిందో రాయడానికి కూడా మనసు రావట్లేదు. "లోపల గడ్డగా ఉంది మామయ్యా. రాత్రి నేనే పొరపాటున ఫ్రీజర్లో పెట్టేశాను" అన్నాను.

నేనే అన్నాను. వారమంతా అత్తయ్యమీద అరిచిన నేనే, ఆవిడ చెప్పిన అబద్ధాన్నే అప్పు తెచ్చుకుని చెప్పాను.

మామయ్య నన్ను అందరిముందు కడిగేశారు. కళ్ళు నెత్తికెక్కాయా అన్నారు. మనుషులు నిలబడ్డారిక్కడ, కనిపించట్లేదా అన్నారు. కారులో పక్కన కూర్చుని బ్రేకులు తొక్కడం కాదు, బుర్ర పెట్టాలన్నారు. నేను తలొంచుకుని నిలబడ్డాను. అన్నీ సరైన మాటలే, మనిషే సరైనది కాదు.

నూనె చల్లారేదాకా ఆగి, పక్షిని ముక్కలు కొట్టి, నీళ్ళలో కరిగించి, తుడిచి, మళ్ళీ పొయ్యి వెలిగించి కొద్దికొద్దిగా వేయించాం. ముక్కలు బాగున్నాయని అందరూ రెండోసారి పెట్టించుకున్నారు. డ్రైవరుగారు వెళ్ళేటప్పుడు చీఫ్‌కి దణ్ణం పెట్టి, ఇంకా అదే నిఘా సార్ మీది, అన్నాడు. మామయ్య మురిసిపోయారు.

మా ఆయన గిన్నెలు సర్దుతూ, చాలా బాగా చేశావ్, నాన్నకి ఏమీ తెలియకుండా లాక్కొచ్చావన్నాడు. చేతిలో గరిటె ఉంది. సింకులో పెట్టేశాను, లేకపోతే ఏం చేసేదాన్నో.

ఆదివారమే, మళ్ళీ

ఆయన దగ్గర దాచేవాళ్ళం నాతో కలిపి నలుగురమయ్యాం.

సోమవారం

సెలవు పెట్టాను. మా ఆయన బడికి వెళ్ళాక మామయ్య పెరట్లో నిచ్చెన మడుస్తుంటే వెళ్ళాను. అత్తయ్య వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను.

చెప్పేశాను. నిన్న మీరు తిట్టినదానికి నేను తగను మామయ్యా, ఫ్రీజర్లో పెట్టింది నేను కాదు, మీరు, అన్నాను. వారంలో చాలాసార్లు పెట్టారన్నాను. రెండోసారి గీత గీసిన సంగతీ, తలుపుల గడియల సంగతీ, వాకిట్లో పేర్ల సంగతీ, అత్తయ్యకీ పిల్లలిద్దరికీ ఇదంతా ముందే తెలిసిన సంగతీ చెప్పాను. ఆయన నవ్వారు మొదట. తర్వాత అత్తయ్య వైపు చూశారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

గుండిగ దగ్గరికెళ్ళి వంగి లోపలికి చూశారు. రెండు గీతలనీ వేలితో తడిమారు. కూలబడిపోతారేమో, ఏడుస్తారేమో అనుకున్నాను. అత్తయ్య కుర్చీ తెచ్చింది. ఆయన కూర్చోలేదు.

"నిన్న డ్రైవరు ఎక్కడ నిలబడ్డాడు?" అని అడిగారు.

ఇక్కడే మామయ్యా, గుండిగ పక్కనే, మూత పట్టుకుని, అన్నాను.

"వాడిక్కడ. వీడు తాడు దగ్గర. నువ్వు నా పక్కన." నేలమీద ఒక్కొక్క చోటు కాలితో తాకుతూ వెళ్ళారు. తర్వాత అత్తయ్య ముందుకొచ్చి నిలబడ్డారు. "నాకు బుర్ర పనిచెయ్యట్లేదని తెలుసు నీకు. కొడుక్కి తెలుసు. కూతురికి తెలుసు. తెలిసీ, ఇంతమంది మనుషుల మధ్య నన్ను మరిగే నూనె దగ్గర నిలబెట్టారా?"

మీ మనసు కష్టపడుతుందని, అని అత్తయ్య మొదలుపెట్టింది.

"నా మనసు ఎవరు చూడమన్నారు? డ్రైవరు మొహం కాలిపోతే నా మనసేం చేసుకుంటాను? నేను ఎవరినైనా వదిలానా అలా? పైకప్పు పడిపోయేలా ఉంటే, పాపం ఇల్లుగలాయన బాధపడతాడని లోపల ఉండనిచ్చానా?"

అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. నిన్న నామీద వచ్చింది దీనిముందు ఏపాటి. వారం రోజులుగా ఈ ఇంట్లో కోపం వచ్చేది నాకొక్కదానికే అనుకుంటూ తిరిగాను. అది వచ్చి చేరాల్సిన చోటికి చేరింది. ఆయనకి తెచ్చిన కుర్చీలో నేను కూర్చున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చాక అందర్నీ హాల్లో కూర్చోబెట్టారు. డాక్టరు దగ్గరికి రేపే అన్నారు. వదినకి ఫోన్ చేయించి, నాన్న సరదా పడట్లేదని చెప్పమన్నారు. ఇకనుంచి పొయ్యి, గీజరు, ఇస్త్రీ పెట్టె తాను ముట్టుకోకూడదన్నారు. ముట్టుకోబోతే ఆపడం ఒకరి డ్యూటీ కావాలి, అందరి డ్యూటీ అంటే ఎవరిదీ కాదన్నారు.

మా ఆయన, నేను చూసుకుంటాను నాన్నా అన్నాడు.

"నువ్వు వద్దు. మీ అమ్మ వద్దు. మీకు నన్ను చూస్తే జాలి, జాలిపడేవాడు ఆలోచిస్తూ కూర్చుంటాడు." నా వైపు తిరిగారు. "నీకు కోపం వస్తుంది కదూ?"

వస్తుంది మామయ్యా అన్నాను.

"అయితే నువ్వే. వెనక్కి, అంటే చాలు. స్టేషన్లో ఆ ఒక్క మాటే. వినగానే ఎవడైనా అడుగు వెనక్కి వెయ్యాల్సిందే, చీఫ్ అయినా సరే. రేపు నేను ఇది మర్చిపోతాను. నిన్ను తిడతాను. నువ్వు మానకూడదు."

మంగళవారం

డాక్టరు చాలాసేపు చూశాడు. పరీక్షలు రాశాడు. ఇవాళ తారీఖెంతని ఆయన అడిగితే మామయ్య చెప్పలేక నావైపు చూశారు. నేను అందించలేదు. అందించకపోవడం ఎంత కష్టమో అత్తయ్యకి తెలుసు, పక్కనే కూర్చుని నా మోచెయ్యి నొక్కింది.

దారిలో ఆవిడ, వారమంతా నీచేత మాటలు పడ్డాను, ఒక్కటీ మర్చిపోలేదు అంది. మర్చిపోవద్దన్నాను.

గురువారం

పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి మామయ్య లైటరు తీసుకుని పొయ్యి ముందున్నారు. కాఫీ పెట్టుకుందామనేమో. సోమవారం మాట్లాడినదేదీ ఆ ముఖంలో లేదు. అత్తయ్య కూరగాయల పళ్ళెం ముందు కూర్చుని నన్ను చూసి తల అడ్డంగా ఊపింది, ఈ ఒక్కసారికి పోనీ అన్నట్టు. ఆయన పొయ్యి వైపు వంగారు. ఆయన చేతిలో లైటరు ఎంత ఒద్దికగా ఉందో. ఈ ఒక్కసారికి అని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు.

"వెనక్కి" అన్నాను.

ఆయన గిరుక్కున తిరిగి నన్ను చూశారు. కొట్టేస్తారేమో అనుకున్నాను. కానీ కాళ్ళు ఆ మాట విన్నాయి, ఒక అడుగు వెనక్కి వేశాయి. లైటరు గట్టుమీద పెట్టారు. ఖాళీ చేతులు చూసుకున్నారు.

తర్వాత నన్ను దాటి హాల్లోకి వెళ్తూ, కొత్తగా చేరినవాణ్ణి మందలించినట్టు అన్నారు.

"ఆలస్యం చేశావు. ఇంకా ముందే అనాలి."